నల్ పెట్టేస్తే పోతుందా?

అందరికీ నమస్కారం. శనివారం పూట మాదాపూర్ ట్రాఫిక్‌కి ఎదురీది వచ్చారు, థ్యాంక్స్.

జావాలో ఒక ఆబ్జెక్ట్‌ని మెమరీలోంచి ఎలా తీసేస్తారు? ఇంటర్వ్యూల్లో నేను తరచూ అడిగే ప్రశ్న ఇది. అమీర్‌పేటలో కోర్సు చేసొచ్చిన కుర్రాళ్లయినా, సీనియర్లయినా, ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: వేరియబుల్‌కి నల్, అంటే ‘ఏమీ లేదు’ అనే విలువ, పెట్టి సిస్టమ్ డాట్ జీసీని పిలుస్తాం. జీసీ అంటే గార్బేజ్ కలెక్టర్, అక్కర్లేని ఆబ్జెక్టుల మెమరీని ఖాళీ చేసేది. ఆ పిలుపు జేవీఎంకి, అంటే జావా ప్రోగ్రాముల్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కి, మనం పెట్టుకునే అర్జీ మాత్రమే. డిజేబుల్ ఎక్స్‌ప్లిసిట్ జీసీ అనే ఆప్షన్ ఆన్ చేసి ఉంటే దాన్ని అసలు పట్టించుకోదు.

నల్ పెడితే ఆ ఒక్క వేరియబుల్ పట్టు వదులుతుంది. ఇంకెవరైనా పట్టుకుని ఉంటే ఆబ్జెక్ట్ కదలదు. 1960లో లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి జాన్ మెకార్తీ రాసిన పద్ధతి నుంచి ఇవాళ్టి జావాలోని జీ1 కలెక్టర్ దాకా మూలసూత్రం ఇదే: రూట్స్ నుంచి, అంటే ప్రోగ్రామ్ నేరుగా పట్టుకుని ఉన్న వేరియబుల్స్ లాంటి మొదలు చోట్ల నుంచి, వెతుక్కుంటూ పోతే అందేవి ఉంటాయి, అందనివాటి చోటు ఖాళీ అవుతుంది. పైథాన్ భాషలో డెల్ అనే కమాండ్ వాడినా తెగేది పేరే, ఆబ్జెక్ట్ కాదు.

అసలు తంటా ఎక్కడొస్తుందో చూడండి. ఒక స్టాటిక్ హ్యాష్‌మ్యాప్ ఉంది, అంటే ప్రోగ్రామ్ నడిచినంతసేపూ ఉండే కీ-వాల్యూ జతల పట్టిక. లాగిన్ అవగానే సెషన్‌ని అందులో పెడతాం, లాగౌట్‌లో తీసేస్తాం. కోడ్ రివ్యూలో ఎవరూ తప్పుపట్టరు. కానీ లాగౌట్ నొక్కేదెవరండీ? బ్రౌజర్ మూసేసి వెళ్లిపోతారు. ఆ సెషన్లన్నీ మ్యాప్‌లోనే పేరుకుపోతాయి. ‘వీక్‌హ్యాష్‌మ్యాప్ వాడితే సరి’ అంటారు కొందరు. అందులో వీక్‌గా, అంటే జీసీకి అడ్డుపడకుండా, ఉండేది కీ ఒక్కటే. వాల్యూలోంచి ఆ కీకే మళ్లీ రిఫరెన్స్ ఉంటే, ఆ ఎంట్రీ ఎప్పటికీ పోదు. నన్నడిగితే, ఇలాంటి చోట గడువు తీరగానే ఎంట్రీని తీసేసే క్యాష్ (తాత్కాలిక నిల్వ) పెట్టుకోవడమే మేలు.

ఆబ్జెక్ట్‌ని తీసేసే ముందు జీసీ పిలిచే ఫైనలైజ్ అనే మెథడ్ మీద ఆశ పెట్టుకోకండి, జావా 9లోనే దాన్ని డెప్రికేట్ చేశారు, అంటే ఇక వాడొద్దన్నారు. ఫైళ్లు, కనెక్షన్లు జీసీకి వదిలేయకుండా పని అవగానే వాటిని మూసేసే ట్రై-విత్-రిసోర్సెస్‌తో మీరే మూసేయండి. జావా 7 నుంచీ ఉన్న సదుపాయమే.

మెమరీ పెరుగుతోందంటే జేమ్యాప్ అనే టూల్‌తో హీప్ డంప్, అంటే మెమరీలో ఉన్న ఆబ్జెక్టులన్నిటి కాపీ, తీసి, దాన్ని విశ్లేషించే ఎక్లిప్స్ మ్యాట్‌లో తెరిచి, అనుమానం ఉన్న ఆబ్జెక్ట్ మీద పాత్ టు జీసీ రూట్స్ చూడండి. పట్టుకున్నదెవరో తెలిసిపోతుంది. డంప్ తీసేటప్పుడు యాప్ కాసేపు ఆగిపోతుంది కాబట్టి, ప్రొడక్షన్‌లో రద్దీ వేళ ఆ పని వద్దు. ఇంకోటి, ఆ ఫైల్లో కస్టమర్ల పాస్‌వర్డ్‌లు కూడా ఉండొచ్చు. దయచేసి టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.