ఫార్ములా వన్ రేసులో అంతరాన్ని చదవడం ఎలా?

[తెరపై: గ్రిడ్‌పై నిలిచిన కార్లు]

నమస్కారం. ఫార్ములా వన్ రేసును మొదటిసారి చూసేవారికి కార్లన్నీ ఒకే దారిలో గంటన్నర సేపు తిరుగుతున్నట్టే అనిపిస్తుంది. అయితే తెర పక్కన డ్రైవర్ల పేర్లకు ఎదురుగా కనిపించే చిన్న అంకెలను చదవడం వస్తే, ఆ రేసులో ఎవరు ఏ ఎత్తు వేయబోతున్నారో ముందే ఊహించవచ్చు. కార్ల మధ్య ఉన్న అంతరాన్ని ఆ అంకెలు సెకన్లలో చూపిస్తాయి.

రేసుకు ముందు జరిగే క్వాలిఫయింగ్‌లో ఒక ల్యాపును, అంటే ట్రాక్ చుట్టూ ఒక పూర్తి చుట్టును, అందరికంటే వేగంగా పూర్తి చేసిన డ్రైవరుకు మామూలుగా పోల్ పొజిషన్, అంటే కార్లు వరుసగా నిలిచి బయలుదేరే గ్రిడ్‌పై మొదటి స్థానం దక్కుతుంది. ఐదు ఎర్ర దీపాలు ఒక్కొక్కటిగా వెలిగి, అన్నీ ఒకేసారి ఆరిపోగానే రేసు మొదలవుతుంది. మొత్తం దూరం 305 కిలోమీటర్లు దాటేన్ని ల్యాపులు ఉంటాయి. మొనాకోలో మాత్రం 260 కిలోమీటర్లే. విజేతకు 25, రెండో స్థానానికి 18, మూడో స్థానానికి 15, అలా తగ్గుతూ పదో స్థానానికి 1 పాయింటు వస్తుంది.

[తెరపై: పిట్ లేన్, పక్కన మూడు రంగుల టైర్లు]

రేసు మధ్యలో ఇంధనం నింపడాన్ని 2010 నుంచి నిషేధించారు కనుక, కార్లు ఆగేది ముఖ్యంగా టైర్ల కోసమే. ఎరుపు గుర్తు ఉన్న సాఫ్ట్ టైరు ఎక్కువ పట్టునిచ్చినా త్వరగా అరిగిపోతుంది; తెలుపు గుర్తు ఉన్న హార్డ్ టైరు నెమ్మదైనా చాలాసేపు నిలుస్తుంది; పసుపు గుర్తు ఉన్న మీడియం ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. పొడి ట్రాక్‌పై వీటిలో కనీసం రెండు రకాలు వాడాలన్న నియమం ఉంది. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ సిబ్బంది 1.80 సెకన్లలోనే నాలుగు టైర్లనూ మార్చారు. అంత వేగంగా మార్చినా, ట్రాక్ పక్కన టైర్లు మార్చే దారి అయిన పిట్ లేన్‌లో వేగం సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు మించకూడదు కాబట్టి, ఒక్కసారి లోపలికి వెళ్లి వస్తే చాలా ట్రాకుల్లో ఇరవై సెకన్లకు అటూ ఇటూగా నష్టపోతారు.

[తెరపై: రెండు కార్లు, మధ్య అంతరం 1.5 సెకన్లు]

ఇప్పుడు రెండో కారు ఒకటిన్నర సెకను వెనుక ఉందనుకోండి. ట్రాక్‌పై దాటడం కష్టమని తేలినప్పుడు అది ముందుగా పిట్‌లోకి వెళ్తుంది. కొత్త టైర్లతో బయటికి వచ్చి, అరిగిన టైర్లపై ఉన్న మొదటి కారు కంటే ల్యాపుకు రెండు సెకన్లు వేగంగా నడిస్తే, మరుసటి ల్యాపులో మొదటి కారు టైర్లు మార్చుకుని వచ్చేసరికి ఇది దాని ముందు ఉంటుంది. దీన్నే అండర్‌కట్ అంటారు. ట్రాక్‌పై ఓవర్‌టేక్ చేయడానికి ఎంత నేర్పు కావాలో దీనికీ అంతే కావాలని నా అభిప్రాయం, ఎందుకంటే బయటికి వచ్చిన చోట నెమ్మదైన కారు అడ్డు తగిలినా, కొత్త టైర్లు వేడెక్కడం ఆలస్యమైనా లెక్క మొత్తం తప్పుతుంది.

[తెరపై: ఊగుతున్న పసుపు జెండా]

పసుపు జెండా కనిపిస్తే ముందు ప్రమాదం ఉందని అర్థం. వేగం తగ్గించాలి, ఎవరినీ దాటకూడదు. ఎర్ర జెండాతో రేసు ఆగిపోతుంది. నీలం జెండా చూపితే, ఒక ల్యాపు వెనుకబడిన డ్రైవరు వెనుక వస్తున్న కారుకు దారి ఇవ్వాలి.

ట్రాక్‌పై మార్షల్స్, అంటే భద్రతా సిబ్బంది, పనిచేయాల్సి వస్తే, రేసు కార్ల వేగం తగ్గించేందుకు వాటి ముందు నడిచే సేఫ్టీ కారు రావచ్చు. అప్పుడు అందరూ దాని వెనుక వరుసగా చేరతారు కనుక, ముందున్నవారు కష్టపడి సంపాదించిన అంతరం కరిగిపోతుంది. ఇది అన్యాయమని కొందరు బాధపడతారు గానీ, ట్రాక్‌పై మనుషులు ఉన్నప్పుడు వారి ప్రాణాలే ముఖ్యం. పైగా మిగతా కార్లన్నీ నెమ్మదిగా వెళ్తుంటాయి కాబట్టి ఆ సమయంలో పిట్ స్టాప్‌కు అయ్యే నష్టం బాగా తగ్గుతుంది. అందుకే సేఫ్టీ కారు వస్తుందని ప్రకటించిన మరుక్షణం జట్లన్నీ టైర్లతో పిట్ లేన్‌లోకి పరుగెత్తుకు రావడం మీరు చూస్తారు.