తొట్టిలో నీళ్ళు వదలకూడదు: జపాన్ హైస్కూల్లో పది నెలలు

వ్యాఖ్యాత: నమస్కారమండీ. విదేశీ చదువు అనగానే మన ఇళ్ళలో ఎమ్మెస్, వీసా ముద్ర, డాలర్లలో లెక్క వేసుకునే ఫీజు గుర్తుకొస్తాయి గాని, పదిహేను పదహారేళ్ళ పిల్లలు ఒక ఏడాదిపాటు పరాయి దేశంలో ముక్కూ మొహమూ తెలియని కుటుంబంతో ఉండి, అక్కడి పిల్లలతో పాటే బడికి వెళ్ళి వచ్చే పద్ధతి ఒకటి ఉందని చాలామందికి తెలియదు. ఇది కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో గాయపడిన సైనికులను ఆసుపత్రులకు చేరవేసిన ఏఎఫ్‌ఎస్ అనే అమెరికన్ అంబులెన్సు సేవకుల సంఘమే, రెండో యుద్ధాన్ని కూడా చూసిన తరువాత, 1947లో హైస్కూలు విద్యార్థుల మార్పిడికి పూనుకుంది. ఈ రోజు మనతో మాట్లాడుతున్నది గుంటూరు జిల్లా అమ్మాయి. పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాదే జపాన్‌లోని నీగాతా రాష్ట్రంలో నగావోకా అనే పట్టణానికి వెళ్ళి, ఆగస్టు చివరి నుంచి మరుసటి జూన్ దాకా అక్కడి హైస్కూల్లో చదివి వచ్చారు. తన పేరు చెప్పవద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు. ముందుగా ఒక మాట అడుగుతాను. ఇంట్లో ఎలా ఒప్పుకున్నారండీ?

అతిథి: ఒప్పుకోలేదండీ, అలసిపోయారు. మా అమ్మకు భయం, నాన్నకు ఖర్చు, మా పెదనాన్నగారికి మాత్రం ఇంటర్ మొదటి ఏడాది. "ఎంసెట్ ర్యాంకు జపాన్ వాడు ఇస్తాడా?" అని ఆయన అడిగిన ప్రశ్నకు మా ఇంట్లో ఎవరి దగ్గరా సమాధానం లేదు. నిజం చెప్పాలంటే ఆయన భయపడినట్టే జరిగింది. అక్కడ చదివిన చదువు నా విషయంలో ఇక్కడ ఇంటర్ లెక్కలోకి రాలేదు. తిరిగొచ్చి, నాకంటే ఒక ఏడాది చిన్నవాళ్ళతో కలిసి మొదటి ఏడాదిలో చేరాను. నా పాత స్నేహితులు అప్పటికే రెండో ఏడాదిలో ఉన్నారు. ఈ సంగతి దాచిపెట్టి ఇలాంటి ప్రయాణాలను పొగిడేవాళ్ళంటే నాకు నచ్చదు. పోయిన ఏడాది పోయినట్టే. దానికి బదులు ఏం వచ్చిందో మాట్లాడుకోవచ్చు.

వ్యాఖ్యాత: మొదటి రోజు రాత్రి ఏదో జరిగిందని రికార్డింగుకు ముందు అన్నారు. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

అతిథి: తప్పదు కదండీ. ఆ ఇంట్లో నాతో కలిపి అయిదుగురం. ఇంటి తల్లిని ఒకాసన్ అని, తండ్రిని ఒతోసన్ అని, నాయనమ్మను ఒబాచన్ అని పిలవమన్నారు. నాకంటే రెండేళ్ళు చిన్నదైన చెల్లెలు ఒకతె ఉండేది. రాత్రి భోజనం అయ్యాక ఒకాసన్ నన్ను స్నానాల గదికి తీసుకుపోయింది. ఒక చిన్న పీట, షవరు, ఆ పక్కనే మోకాళ్ళు ముడుచుకుని మెడ దాకా మునిగి కూర్చునేంత లోతైన తొట్టి. తొట్టి నిండా వేడి నీళ్ళు, వేడి పోకుండా పైన మూత. నన్నే ముందు వెళ్ళమన్నది. బయట పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళు తోముకుని, శుభ్రంగా కడుక్కున్న తరువాతే తొట్టిలో దిగాలని మాకు ముందే శిక్షణలో చెప్పి పంపారు కాబట్టి అంతవరకు సరిగ్గానే చేశాను. బయటికి వచ్చేటప్పుడు మాత్రం, నేను కూర్చున్న నీళ్ళలో ఇంకొకరు ఎలా దిగుతారనుకుని, అడుగున ఉన్న బిరడా లాగేశాను. మన ఇళ్ళలో ఒకరు పోసుకోగా బకెట్టులో మిగిలిన నీళ్ళయినా సరే పారబోసి కదా వస్తాం! ఆ నీళ్ళు గుడగుడమని దిగిపోతున్న చప్పుడు ఇల్లంతా వినిపించింది. తలుపు అవతల ఒకాసన్ నోటి వెంట వచ్చిన "ఆ!" అన్న ఒక్క అక్షరం నాకు ఇప్పటికీ గుర్తే.

వ్యాఖ్యాత: మిగతా నలుగురూ ఆ నీళ్ళలోనే దిగాలన్నమాట.

అతిథి: అంతే కాదండీ, మర్నాడు పొద్దున ఒక గొట్టం పెట్టి ఆ నీళ్ళనే వాషింగ్ మెషీన్‌లోకి తోడి బట్టలు ఉతికే ఇల్లు అది. అక్కడ చాలా ఇళ్ళలో అలాగే చేస్తారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. తొట్టి మళ్ళీ నిండడానికి పట్టిన అరగంట సేపూ అందరూ టీవీ చూస్తున్నట్టు కూర్చున్నారు. మా అమ్మయితే ఊరంతా వినపడేలా తిట్టి, అయిదు నిమిషాల్లో మరిచిపోయి అన్నం పెట్టేది. తిట్లు లేని చోట తప్పును ఎక్కడ దించుకోవాలో ఆ రాత్రి నాకు తెలియలేదు.

తరువాత అర్థమైంది ఏమిటంటే, మొదటి నీళ్ళు అతిథికి ఇస్తారు. ఆ మర్యాద నాకు మూడు నాలుగు వారాలు దక్కింది. అక్టోబరులో ఒక సాయంత్రం ఒకాసన్ వంటింట్లోంచే, "ఈ రోజు నుంచి చెల్లెలు వచ్చాక నువ్వు వెళ్ళు, శనివారాలు తొట్టి రుద్దే పని నీది" అన్నది. స్పాంజీ, సీసాలో మందు చేతికిచ్చింది. నేను అమ్మకు ఫోను చేసి ఈ సంగతి సంబరంగా చెబితే, అమ్మ మాత్రం "పరాయి ఇంటికి పంపింది బాత్రూములు కడగడానికా" అని ఏడ్చింది. అప్పుడు మన దగ్గర రాత్రి తొమ్మిది, నాకు పన్నెండున్నర. మూడున్నర గంటల తేడా ఉన్న చోట ఏడుపు ఆపడం కూడా కష్టమే.

వ్యాఖ్యాత: బడిలోనూ పిల్లలే ఊడుస్తారని విన్నాం.

అతిథి: రోజూ తరగతులు అయ్యాక పదిహేను నిమిషాలు ఉంటుంది. దాన్ని సోజి అంటారు. బల్లలన్నీ వెనక్కి జరిపి, ఒకరు ఊడ్చి, ఒకరు తడిబట్టతో తుడిచి, మళ్ళీ బల్లలు ముందుకు జరుపుతారు. వారాన్ని బట్టి మరుగుదొడ్ల వంతు కూడా వస్తుంది. మన దగ్గర పిల్లలతో బడి ఊడిపిస్తే పేపర్లో వార్త అవుతుంది, కావాలి కూడా. ఎందుకంటే ఇక్కడ ఆ చీపురు ఎవరి చేతికి ఇస్తారో, ఎవరికి ఇవ్వరో మనకు తెలుసు. అక్కడ డాక్టరు కొడుకూ, కూలివాడి కూతురూ ఒకే వరసలో మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడుస్తుంటే, ఆ పనిలో అవమానం వెతుక్కోవాలన్నా దొరకదు. "జపాన్‌లో పిల్లలే శుభ్రం చేస్తారట, మనమూ చేయిద్దాం" అని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చూసినప్పుడు నాకు చిరాకు వేస్తుంది. చీపురు ఒక్కటే దిగుమతి చేసుకుంటే సరిపోదండీ.

వ్యాఖ్యాత: మరి పాఠాలు అర్థమయ్యేవా?

అతిథి: మొదటి మూడు నెలలు లెక్కలు, ఇంగ్లీషు తప్ప ఏమీ అర్థం కాలేదు. మాస్టారు లోపలికి రాగానే "కిరిత్సు" అని ఒకరు కేక వేస్తే అందరమూ లేచి, వంగి, కూర్చునేవాళ్ళం. అక్కడి వరకు నేనూ అందరితో సమానమే. ఆ తరువాత యాభై నిమిషాలు బోర్డు మీది కంజీ అక్షరాలను బొమ్మలు చూసినట్టు చూడటమే. అక్కడ హైస్కూలు ముగిసేసరికి పిల్లలకు రావలసిన కంజీలు 2136. నేను తిరిగొచ్చే నాటికి నాలుగు వందల దాకా చదవగలిగాను. వాళ్ళ ప్రాచీన సాహిత్యం క్లాసులో నిద్రపోయానని ఒప్పుకుంటున్నాను. పక్క సీటు కుర్రవాడూ నిద్రపోయేవాడు కాబట్టి నాకు పెద్దగా సిగ్గు వేయలేదు.

మాట మాత్రం తొందరగా వచ్చింది. దానికి గొప్పతనం నాది కాదు, తెలుగుది. ఇంగ్లీషు ద్వారా జపనీస్ నేర్చుకోబోతే వాక్యం తలకిందులుగా కనిపిస్తుంది. తెలుగులోంచి నేరుగా వెళ్తే పదం పక్కన పదం వచ్చి కూర్చుంటుంది. "నేను బడికి వెళ్తాను" అనేదాన్ని వాళ్ళు "వతాషి వ గక్కో ని ఇకిమాసు" అంటారు. మన "కి" ఉన్న చోటే వాళ్ళ "ని" ఉంటుంది, క్రియ చివరే వస్తుంది. "వస్తానని చెప్పాడు" అనే వాక్యంలో మన "అని" చేసే పనిని వాళ్ళ "తో" చేస్తుంది. "తిని చూడు" అంటాం కదండీ, కళ్ళతో చూడటం కాదు కదా అది. వాళ్ళూ అచ్చంగా అలాగే "తబెతె మితె" అంటారు. తినడం, ఆ పక్కన చూడటం.

అన్నిటికంటే నన్ను కదిలించింది గుమ్మం దగ్గరి మాట. పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు "ఇత్తె కిమాసు" అనాలి. మాటకు మాట విడదీస్తే "వెళ్ళి వస్తాను". లోపలి నుంచి "ఇత్తె రషై", అంటే "వెళ్ళి రా" అని జవాబు వస్తుంది. "పోతున్నాను" అంటే మా నాయనమ్మ నోరు మూసేది, "వెళ్ళొస్తాను అనవే" అని. ప్రపంచానికి ఆ చివర ఇంకో నాయనమ్మ అదే మాట కోసం గుమ్మం వైపు చెవి పెట్టుకుని ఉండటం చూసిన రోజు, బూట్లు తొడుక్కుంటూ కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

వ్యాఖ్యాత: తిండి సంగతి అడగకపోతే మన శ్రోతలు ఊరుకోరు.

అతిథి: నీగాతా అంటే జపాన్‌లో మనకు కర్నూలు సోనా లాగా, బియ్యానికి పేరు. అక్కడి కొషిహికరి బియ్యం అన్నం ముద్దముద్దగా, మెరుస్తూ ఉంటుంది. పొడిపొడిగా వండిన అన్నానికి అలవాటుపడిన నాకు, మొదట్లో అది మెత్తబడిపోయిన అన్నంలా తోచింది. ఒక రోజు ఆ అన్నంలో పెరుగు కలుపుకున్నాను. పెరుగు అంటే తియ్యగా, పండ్లతో తినేదని తెలిసిన చెల్లెలు, నేను పాయసంలో చారు పోసుకున్నట్టు చూసింది. ఒబాచన్ మాత్రం నా పక్షం. నేను తీసుకెళ్ళిన ఆవకాయ సీసా మూత తీయగానే వాసన చూసి, లోపలికి వెళ్ళి తన జాడీ తెచ్చింది. ఉమెబోషి అని, ఉమె కాయలను ఉప్పులో ఊరబెట్టి, ఎండాకాలం ఎండలో ఆరబెట్టి దాచుకునే పుల్లటి పచ్చడి అది. ఆవిడ ఆవకాయ ముక్క నాలిక మీద పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా మింగేసి, "ఎన్ని రోజులు ఎండబెడతారు?" అని అడిగింది. నేను "ముక్కలు ఎండబెట్టం, నూనెలో ఊరతాయి" అని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అంతకంటే మంచి జపనీస్ పాఠం నాకు బడిలో దొరకలేదు.

వ్యాఖ్యాత: బడి అయ్యాక క్లబ్బులు ఉంటాయి కదా. మీరు దేంట్లో చేరారు?

అతిథి: క్యూదోలో, అంటే విలువిద్యలో. లక్ష్యం 28 మీటర్ల దూరంలో, 36 సెంటీమీటర్ల వెడల్పున ఉంటుంది. నేను ఆ లక్ష్యం ముందు నిలబడింది జనవరిలో. అప్పటిదాకా రబ్బరు తాడుతో చేతులు తిప్పడం, దగ్గరి గడ్డిమోపు మీదికి బాణం వేయడం, పెద్దవాళ్ళు వేసిన బాణాలు ఏరి తుడిచి తేవడం. మన దగ్గర డబ్బు కట్టి కోచింగులో చేరితే మొదటి వారమే ఏదో ఒకటి చేతికిచ్చి ఫొటో తీస్తారు. అక్కడ నాలుగు నెలలు నన్ను ఎవరూ ఫొటో తీయలేదు. టోక్యో, క్యోతో కూడా వెళ్ళాను, వాటి ఫొటోలు మాత్రం చాలానే ఉన్నాయి. వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

వ్యాఖ్యాత: గుంటూరు ఎండల్లో పెరిగి, మంచులోకి వెళ్ళారు.

అతిథి: నగావోకాలో రోడ్లు ఎర్రగా తుప్పు పట్టినట్టు ఉంటాయి. ఎందుకో ఎవరూ చెప్పలేదు, చలికాలం వచ్చాక తెలిసింది. రోడ్డు మధ్యలో వరసగా చిన్న చిన్న చిల్లులు. మంచు పడటం మొదలవగానే వాటిలోంచి భూగర్భజలం చిమ్ముతుంది. ఆ నీళ్ళు మంచుకంటే వెచ్చన కాబట్టి కరిగించుకుపోతాయి. నీళ్ళలోని ఇనుము రోడ్డుకు రంగు పూస్తుంది. 1960లలో ఆ ఊళ్ళోనే ఈ పద్ధతి వాడుకలోకి వచ్చిందని ఒతోసన్ గర్వంగా చెప్పేవాడు. సైకిలు మానేసి బస్సులో వెళ్ళాల్సి వచ్చింది. అన్నట్టు, వాళ్ళూ బస్సును "బసు" అనే అంటారు. మంచు చప్పుడు లేకుండా పడుతుంటే దానికి "షిన్‌షిన్" అనే ధ్వని మాట ఒకటి ఉంది. చప్పుడు లేకపోవడానికి ఒక చప్పుడు పెట్టుకున్న భాష అది.

దిగులు పట్టింది కూడా ఆ రోజుల్లోనే. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. బడిలో అందరూ మంచివాళ్ళే గాని, మధ్యాహ్నం డబ్బా విప్పుకునేటప్పుడు నన్ను పిలవాలని ఎవరికీ తోచేది కాదు. పిలవకపోవడం ద్వేషం కాదు, ఎలా పిలవాలో వాళ్ళకు తెలియదు, ఎలా వెళ్ళాలో నాకు తెలియదు. రెండు వారాలు ఒంటరిగానే తిన్నాను. చివరికి నేనే కుర్చీ ఎత్తుకుని వెళ్ళి ఒక గుంపు పక్కన పెట్టి, "కూర్చోవచ్చా" అని అడిగాను. అందరూ జరిగారు. అడిగితే సరిపోయే పనికి రెండు వారాలు పట్టిందని ఇప్పటికీ అనుకుంటాను.

వ్యాఖ్యాత: ఆ కుటుంబానికి ఇందుకు డబ్బేమైనా ఇస్తారా?

అతిథి: నేను వెళ్ళిన పథకంలో ఒక్క యెన్ కూడా ఇవ్వరు. పది నెలలు నా తిండి, నా వేడి నీళ్ళు, అన్నీ వాళ్ళవే. ఎందుకు ఒప్పుకున్నారని ఒకసారి అడిగితే ఒకాసన్ నవ్వి, "పొద్దున లేపడానికి ఇంకొకరు ఉంటే బాగుంటుందనిపించింది" అన్నది. అది నిజమో, మాట దాటేయడమో నాకు తెలియదు.

వ్యాఖ్యాత: బయలుదేరే ముందు రాత్రి ఎలా గడిచిందో చెప్పండి.

అతిథి: సామాను సర్దేశాం. ఒబాచన్ ఒక ఉమెబోషి డబ్బాకు మూడు ప్లాస్టిక్ సంచులు చుట్టి, పైన టేపు వేసింది. భోజనాలు అయ్యాక ఒకాసన్ స్నానాల గది తలుపు తీసి, మొదటి రోజులాగే నా వైపు తిరిగి, "ఈ రోజు నువ్వు ముందు వెళ్ళు" అన్నది. నేను కదలలేదు. ఒతోసన్ వెళ్ళాడు, ఒబాచన్ వెళ్ళింది, చెల్లెలు తల తుడుచుకుంటూ వచ్చాక నేను వెళ్ళాను. తొట్టిలో నీళ్ళు అప్పటికి ఒక బెత్తెడు తగ్గి ఉన్నాయి.