తిరుపతి వీధిలో గుండు వింత కాదు

(తిరుపతి వర్తకుల సమావేశంలో ఒక ఫిజియోథెరపిస్టు ప్రసంగం)

అందరికీ నమస్కారం. కాలిన గాయాల గురించి మాట్లాడమన్నారు. నేను సర్జన్‌ను కాను. సర్జన్ తొడ మీది చర్మం తీసి మెడకు అతికించాక మిగిలే నెలలన్నీ నావి. అతికిన చర్మం ముడుచుకుపోతూ ఉంటుంది. రోజూ సాగదీయకపోతే గడ్డం ఛాతీ వైపు లాక్కుపోతుంది, మోచెయ్యి చాపలేరు. అందుకే కట్లు, బిగుతు తొడుగులు, వ్యాయామాలు. ఏడాది పైనే పట్టవచ్చు. ఈలోగా రోగులు నన్ను బాగానే తిట్టుకుంటారు.

ఇంట్లో ఎవరికైనా కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచి ఆసుపత్రికి తీసుకురండి. మంచుగడ్డ, టూత్‌పేస్టు, సిరా వద్దు. దోసెపిండి పూసుకుని వచ్చినవాళ్లనూ చూశాను.

ఇక నేను చెప్పాలని వచ్చింది ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే చిన్న ఊరి సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల మంటల్లో చిక్కుకున్న కుర్రవాళ్లను అక్కడి క్వీన్ విక్టోరియా ఆసుపత్రికి తెచ్చేవారు. అక్కడి సర్జన్ ఆర్చిబాల్డ్ మెకిండోది న్యూజిలాండ్. సముద్రంలో పడిన పైలట్ల గాయాలు మిగతావారి గాయాల కంటే బాగా మానుతున్నాయని గమనించి, ఆయన ఉప్పునీటి స్నానాలు చేయించారు. గాయం మీద టానిక్ ఆమ్లం పూసి పెచ్చు కట్టించే పాత పద్ధతిని మాన్పించారు.

1941లో ఆ రోగులు గినీ పిగ్ క్లబ్ పెట్టుకున్నారు. గినీ పిగ్ అంటే ప్రయోగశాలల్లో వాడే చిన్న జంతువు. ప్రయోగాలన్నీ మా మీదేగా అన్న చమత్కారం అది. కాళ్లు కాలినవాణ్ణి కోశాధికారిని చేశారట, డబ్బుతో పారిపోలేడని. వేళ్లు కాలినవాణ్ణి కార్యదర్శిని చేశారట, సమావేశాల మినిట్స్ ఎక్కువ రాయలేడని. ఊరు తోడుంటేనే అలాంటి నవ్వు వస్తుంది. వీళ్లను మీ ఇళ్లకు పిలవండి, తేరిపార చూడకండి అని మెకిండో ఊరివాళ్లను కోరారు. వాళ్లు విన్నారు. 'తేరిపార చూడని ఊరు' అనే పేరు ఆ ఊరికి నిలిచిపోయింది.

మన తిరుపతికి ఆ విద్య సగం వచ్చు. గుండు చేయించుకుని, తలకు గంధం పూసుకుని కొండ దిగిన ఆడపిల్ల గాంధీ రోడ్డులో నడుస్తుంటే ఒక్కరూ తల తిప్పరు. అదే పిల్ల సొంత ఊళ్లో బస్సు దిగితే పదిమంది పలకరిస్తారు. కానీ మెడ మీద కాలిన మచ్చతో ఎవరైనా వస్తే మన చూపూ అక్కడే ఆగిపోతుంది. స్టవ్వు పేలిందా, మొగుడు తగలబెట్టాడా అని గుసగుసలు మొదలవుతాయి.

నా దగ్గర 8 నెలలు చికిత్స తీసుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు పిడికిలి బిగించగలదు, కలం పట్టగలదు. ఒక దుకాణానికి పనికోసం వెళితే, వెనక గోదాములో సరుకు సర్దమన్నారు. ముందు కూర్చుంటే కొనేవాళ్లు బెదిరిపోతారట. ఆమె లెక్కలు నాకంటే వేగంగా చేస్తుంది.

నేను విరాళాలకు రాలేదు. గల్లాపెట్టె దగ్గర ఒక కుర్చీ కావాలి. ఎవరి కొట్లో ఖాళీ ఉందో టీ తాగేటప్పుడు చెప్పండి. రాసుకోవడానికి పుస్తకం తెచ్చుకున్నాను.