విప్పినదానికి చీటీ కట్టండి

సభకు నమస్కారం. వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, మెకానికల్ విభాగం పెద్దలకు, తిరుపతి బస్టాండు నుంచి నన్ను స్కూటర్ మీద ఇక్కడికి చేర్చిన కుర్రాడికి కూడా. చిత్తూరు నుంచి వచ్చిన ప్రయాణం కన్నా ఆ స్కూటర్ ప్రయాణమే నాకు ఎక్కువ గుర్తుంటుంది.

ఇప్పుడే శాలువా కప్పారు. సెప్టెంబరు ఉక్క. అదిగో, ఆ మూడో ఫ్యాను తిరగడం లేదు, దాని కింద పిల్లలు నోటు పుస్తకాలతో విసురుకుంటున్నారు. అందుకని శాలువా మడిచి పక్కన పెట్టాను, ఏమీ అనుకోవద్దు. దానికి షాపు చీటీ ఇంకా వేలాడుతోంది. మొహమాటపడకండి సార్, ధర చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్లు స్టోర్స్‌లో బతికినవాణ్ణి, చీటీ ఉన్న వస్తువు కనబడితే నాకు ప్రాణం లేచొస్తుంది.

ఇంజనీర్స్ డే అని పిలిచారు. విశ్వేశ్వరయ్య గారి గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. నాకిచ్చిన అంశం ‘విమాన నిర్వహణలో విడిభాగాల యాజమాన్యం’. పేరు పెద్దది. నేను చేసింది మాత్రం చెన్నై విమానాశ్రయం ఉన్న మీనంబాకంలో ఒక విమాన సంస్థ స్టోర్స్ కిటికీ వెనక కూర్చోవడం. పైలట్ వస్తే లేచి నిలబడతారు, ఇంజనీర్ వస్తే కుర్చీ వేస్తారు. మమ్మల్ని మాత్రం ‘ఆ స్టోరోడు ఎక్కడ చచ్చాడు?’ అంటారు. సరే, అది పక్కన పెడదాం.

మీ ఇంట్లో గ్యాస్ బండ ఉంది కదా. అది అయిపోతే పారేస్తామా? ఖాళీది ఇచ్చి నిండుది తీసుకుంటాం. పోయినసారి వచ్చిన బండే మళ్లీ రావాలని ఎవరూ పట్టుబట్టరు. విమానంలో హైడ్రాలిక్ పంపు, జనరేటర్, స్టార్టర్, చక్రం, బ్రేకు, రేడియో పెట్టె అన్నీ ఇలాంటివే. వీటిని రోటబుల్స్ అంటాం. తిరుగుతూనే ఉంటాయి. విమానం మీంచి దిగి రిపేరుకు వెళ్తాయి, తిరిగొచ్చి ర్యాక్ ఎక్కుతాయి, అక్కణ్నుంచి ఇంకో విమానం ఎక్కుతాయి. వాషర్లు, రివెట్లు, రబ్బరు సీళ్లు వేరే జాతి, వాడి పారేసేవి. వాటికీ ఆయుష్షు ఉంటుంది. రబ్బరు సీలు వాడకుండా కవర్లో ఉన్నా ముసలిదైపోతుంది, అందుకే అది తయారైన తేదీ కవరు మీదే ఉంటుంది. ఈ రాత్రి ఇంటికి వెళ్లి గ్యాస్ బండ పైన పట్టీల లోపలివైపు చూడండి. ఏ, బీ, సీ, డీ లలో ఒక అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి లోపు, డీ అంటే డిసెంబరు లోపు, అంకెలు సంవత్సరం. ఆ గడువుకు బండను మళ్లీ పరీక్షించాలి. ఎంతమంది చూశారు? చేతులెత్తండి. ఇద్దరా! మెకానికల్ వాళ్లేనా మీరు?

బండకూ పంపుకూ ఒక్కటే తేడా. ఖాళీది చేతికిస్తే గాని గ్యాస్ అబ్బాయి నిండుది దించడు. మాకు ఆ అదృష్టం లేదు. ఏఓజీ అంటే విమానం సామాను లేక నేల మీద కూలబడింది అని అర్థం. లోపల ప్రయాణికులు కూర్చుని ఉంటారు, ‘పాతది పట్టుకురా, కొత్తది ఇస్తా’ అంటే కుదరదు. మంచిది ముందు ఇచ్చేస్తాం. చెడిపోయింది తర్వాత వస్తుంది. ఎప్పుడొస్తుందో, ఎందుకు విప్పారో రాసిన చీటీతో వస్తుందో, చీటీ లేకుండా వస్తుందో, నా ముప్పై ఒక్క ఏళ్ల తలనొప్పి అంతా అదే.

ఒక లెక్క చెప్తాను, రాసుకోండి. పది విమానాలు, ఒక్కోదానికి రెండు పంపులు. విమానం ఏడాదికి 3,000 గంటలు ఎగురుతుంది. పంపును సగటున 10,000 గంటలకు ఒకసారి విప్పాల్సి వస్తుంది అనుకోండి. ఏడాదికి 6 పంపులు దిగుతాయి. రిపేరుకు వెళ్లి రావడానికి 60 రోజులు పడితే, ఏ రోజు చూసినా సగటున ఒక పంపు రిపేరులో ఉంటుంది. అయితే స్పేరు ఒకటి చాలు కదా అంటాడు అకౌంట్స్ ఆయన. చాలదు. పంపులు వంతులేసుకుని చెడిపోవు, ఒకే నెలలో మూడు పోతాయి, ఆర్నెల్లు ఒక్కటీ పోదు. మీ పాయిజాన్ విభాజనం, అదే, వరసా వాయీ లేకుండా జరిగేవి ఎన్నిసార్లు జరగొచ్చో చెప్పే లెక్క, తీసి చూడండి. ఒక్క స్పేరుతో నెట్టుకొస్తే నూటికి 26 రోజులు మనకు పంపు కొరతే. మూడు స్పేర్లుంటే నూటికి 2 రోజులు. ఇప్పుడు ఆ 60 రోజుల్ని 30 చేయండి. రెండు స్పేర్లతోనే కొరత నూటికి ఒకటిన్నర రోజుకు దిగుతుంది. ఒక పంపు ఖరీదు మిగిలిపోయింది! 1968లోనే అమెరికాలో క్రెయిగ్ షెర్‌బ్రూక్ అనే ఆయన వైమానిక దళం కోసం ఇలాంటి లెక్కను పెద్ద ఎత్తున కట్టి చూపించాడు.

ఆ 60 రోజులు ఎక్కడ పోతాయో కూడా వినండి. రిపేరు షాపు బల్ల మీద గడిచేవి కొన్ని రోజులే. మిగతావి కస్టమ్స్‌లో, బిల్లు మీద సంతకం కోసం, అన్నిటికన్నా ముందు మా ర్యాక్ కింద, చీటీ కోసం.

అధ్యక్షుల వారు నాకూ ఒక చీటీ పంపించారు. అయిదు నిమిషాలట. మంచిది, తేదీ కూడా వేసుంటే బావుండేది.

అయిదు నిమిషాలే అంటే ఈ కథ మానలేను. 1990 జూన్ 10. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లో మాలగాకు బయల్దేరిన విమానం. పదిహేడు వేల అడుగుల ఎత్తులో కాక్‌పిట్ ముందు అద్దం ఊడిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి వెళ్లిపోయాడు. లోపలివాళ్లు కాళ్లు పట్టుకుని వేలాడారు, కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు, కెప్టెన్ బతికాడు. అద్దం కొత్తది, ముందు రోజే బిగించింది. 90 బోల్టుల్లో 84 బోల్టుల వ్యాసం అంగుళంలో వెయ్యికి 26 వంతులు తక్కువ. ఇదంతా అందరూ చెప్తారు. నేను చెప్పేది ఇంకోటి. ఆ బోల్టుల కోసం వెళ్లినప్పుడు స్టోర్స్ మనిషి చెప్పాడు, ఆ అద్దానికి వాడేది 8డి సైజు అని. సరిగ్గా చెప్పాడు! బిగించే ఆయన వినలేదు. పాత బోల్టు ఒకటి పట్టుకుని, మనిషి లేని ఇంకో సామాన్ల చోటుకు వెళ్లి, చాలీచాలని వెలుతుర్లో కంటి అంచనాతో పోల్చి తెచ్చుకున్నాడు. దర్యాప్తు నివేదికలో ఇదంతా ఉంది. ‘స్టోరోడు ఎక్కడ చచ్చాడు’ అనేవాళ్లకు నేను ముప్పై ఏళ్లుగా ఈ కథే చెప్తున్నాను.

కానీ నేనేం పుణ్యాత్ముణ్ణి కాదు. అది చెప్పడానికే ఇవాళ బస్సెక్కాను.

సర్వీసులో నాది తొమ్మిదో ఏడు. డిసెంబరు వాన, నైట్ షిఫ్టు. మా మెకానిక్ ఒకాయన, నా కన్నా పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి, తడిసి ముద్దై ఒక హైడ్రాలిక్ పంపు తెచ్చి కిటికీలో పెట్టాడు. ‘పీడనం సరిగా చూపించట్లేదని మార్చాను తమ్ముడూ. తీరా చూస్తే వైరుది తప్పు. చీటీ పొద్దున రాసిస్తా’ అన్నాడు. చీటీ లేకుండా స్టోర్స్ దేన్నీ లోపలికి తీసుకోకూడదు. అది నాకు ఆయన కన్నా బాగా తెలుసు. వానలో ఉన్నాడు కదా అని తీసుకున్నాను. పంపు మూతులకు మూతలు పెట్టి ర్యాక్ కిందికి తోశాను. పొద్దున ఆయన చెల్లెలి పెళ్లికని సెలవు మీద వెళ్లిపోయాడు. నేను మర్చిపోయాను.

పదకొండు నెలలు.

ఒక సాయంత్రం ఏఓజీ. కావాల్సింది అదే పంపు. రిజిస్టరులో సున్నా, ఉన్న రెండూ విదేశంలో రిపేరులో. వెతుకుతుంటే ర్యాక్ కింద, దుమ్ము కప్పుకుని ఇది. అన్నే వచ్చి చూశాడు. ‘ఇది మంచిదేరా, నాకు గుర్తుంది, ఇటివ్వు బిగిస్తా’ అన్నాడు. నేను ఇవ్వలేదు. ఎందుకు విప్పారో కాగితం లేదు, పరీక్షించినట్టు కాగితం లేదు. అందరి ముందూ నన్ను తిట్టాడు. వేరే సంస్థ దగ్గర అద్దెకు పంపు తెచ్చి, మర్నాడు మధ్యాహ్నానికి విమానం లేపాం. ఆ తర్వాత ఈ పంపును రిపేరుకు పంపితే బిల్లుతో పాటు ఒక్క ముక్క వచ్చింది. లోపమేమీ కనబడలేదు అని.

విచారణలో, విప్పినవాడు చీటీ రాయలేదని అన్నకు మెమో ఇచ్చారు. ఒక ఇంక్రిమెంటు ఆపారు. చీటీ లేకుండా తీసుకున్నదెవరని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆయన ఇప్పుడు పుత్తూరులో ఉంటున్నాడు. విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఊరే. పోయిన వారం ధైర్యం చేసి ఫోన్ చేశాను. అన్నా, ఆ పంపు సంగతి, తప్పు నాది కూడా అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ‘ఏ పంపు తమ్ముడూ?’ అన్నాడు. నేనొక్కణ్ణే ఇన్నేళ్లూ మోసుకు తిరుగుతున్నా.

అధ్యక్షుల వారూ, ఇంకో రెండు నిమిషాలు. ఈ సంచిలో ఓ యాభై చీటీలున్నాయి, చిత్తూరులో జిరాక్స్ తీయించాను. అందరికీ అందించండి నాయనా. పార్టు నంబరు, సీరియల్ నంబరు, ఎక్కణ్నుంచి విప్పారు, ఎప్పుడు, ఎందుకు, సంతకం. ఆ మూడో ఫ్యాను విప్పామనుకుని, దానికి చీటీ రాయండి. సీరియల్ నంబరు కనబడదంటారా, బెంచీ ఎక్కి చూడండి, ప్రిన్సిపాల్ గారు ఈ ఒక్కసారికి ఏమీ అనరు. ‘ఎందుకు’ అన్నచోట ‘పనిచేయట్లేదు’ అని రాస్తే తిప్పి పంపిస్తాను. అలా రాస్తే రిపేరు చేసేవాడు దేన్ని పరీక్షించాలి? అసలు తిరగదా? చేత్తో తోస్తే తిరుగుతుందా? మాడు వాసన వచ్చిందా? చివరిసారి తిరిగింది ఎప్పుడు?

నువ్వు చెప్పమ్మా, దాని కిందే కూర్చున్నావు. చప్పుడు చేసేదా?