30 మంది 8 అయ్యారు: యవ్వనస్థుల పరిచర్యపై ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: వందనాలండి. గోదావరి జిల్లాల సంఘాల్లో యవ్వనస్థుల కూడికలు నడుపుతున్నవాళ్ల కోసమే ఈ గంట. యూత్ లీడర్లకు తర్ఫీదు ఇచ్చే పాస్టర్ గారు, పిల్లల భద్రత విషయాలు చూసే సిస్టర్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ రాజోలు దగ్గర నుంచి. చెప్పండి బ్రదర్.

కాలర్: అయ్యగారూ, వందనాలండి. పోయినేడు మా కూడికకి 30 మంది వచ్చేవారండి. ఇప్పుడు 8 మందే. కొత్త కీబోర్డు కూడా కొన్నామండి, అయినా రావట్లేదు.

పాస్టర్: కూడిక ఏ వేళ పెడుతున్నారు బాబూ?

కాలర్: ఆదివారం ఆరాధన అయ్యాకండి. ఒంటిగంటన్నర నుంచి మూడున్నర దాకా.

పాస్టర్: పొద్దుటి నుంచీ గుడిలో ఉన్న పిల్లాడు అన్నం తినకుండా ఇంకో రెండు గంటలు ఎలా కూర్చుంటాడు? సాయంత్రం నాలుగున్నరకి మార్చండి. గంటంపావు చాలు. పలకరింపులు, హాజరు 10 నిమిషాలు. పాటలు 15, అంటే మూడు పాటలు. వాక్యం 20. చిన్న గుంపులు 20. ప్రార్థన 10. ఇందులో ఎప్పుడూ తప్పేది పాటల దగ్గరే. మైకులు, సౌండ్ బాక్సులు కూడిక టైములో సరిచూసుకుంటారు, 15 నిమిషాలు కాస్తా 40 అవుతాయి. ఆ కోత చిన్న గుంపుల మీద పడుతుంది. పిల్లాడు నోరు విప్పేది అక్కడేనండి. సౌండు పని నాలుగింటికల్లా అయిపోవాలి.

కాలర్: గుంపులు పెడితే ఎవరూ మాట్లాడరండి.

పాస్టర్: ఆరుగురికి మించకూడదు. 13 నుంచి 17 వాళ్లు వేరు, 18 దాటినవాళ్లు వేరు. ఉద్యోగం గురించో పెళ్లి గురించో డిగ్రీ కుర్రాడికి సందేహం ఉంటుంది, ఎనిమిదో తరగతి పిల్లల ముందు అడగలేడు కదా. ఇక, 'అర్థమైందా' అనడిగితే అందరూ 'ఆయ్' అంటారు, అక్కడితో సరి. మార్కు సువార్త తీసుకోండి, 16 అధ్యాయాలు, వారానికొకటి. ఇక్కడ ఏం జరిగింది, ఇందులో ఎవరికి కష్టమైంది, ఈ వారం నేను మార్చుకోవాల్సింది ఏంటి? ఈ మూడే అడగండి. అడిగాక ఓ పావు నిమిషం మీరు మాట్లాడకుండా ఉండాలి. లీడర్లు ఓర్చుకోలేక జవాబు తామే చెప్పేస్తారు.

రాని ఆ 22 మంది సంగతి. ఒక నోటు పుస్తకంలో ఒక్కొక్కరికీ ఒక్కో పేజీ పెట్టండి. పేరు, చదువు, ఇంట్లోవాళ్ల ఫోను, ఇప్పుడు ఎక్కడున్నారు. రాస్తే తెలుస్తుంది, కొందరు ఇంటర్‌కి రెసిడెన్షియల్ కాలేజీకి వెళ్లారు, కొందరు హైదరాబాదు చేరారు, ఒకరిద్దరు చెరువుల మీద రాత్రి కాపలా. వీళ్లు దూరమైనవాళ్లు కాదు, ఊళ్లో లేనివాళ్లు, వీలు లేనివాళ్లు. హాస్టల్ నుంచి ఎప్పుడు పంపిస్తారో అమ్మానాన్నల్ని అడిగి, ఆ ఆదివారం వాడికి వాక్యం చదివే పని అప్పజెప్పండి. ఊళ్లో ఉండి రెండు వారాలు రానివాడి ఇంటికి మూడో వారం ఇద్దరు వెళ్లాలి. వాట్సాప్‌లో బొమ్మ పంపితే వెళ్లినట్టు కాదు. వెళ్లినప్పుడు 'ఎందుకు రావట్లేదు' అనొద్దు. చదువెలా ఉంది, నాన్నగారి ఆరోగ్యమెలా ఉంది, అంతే. సార్వా ఊడ్పులప్పుడు, కోతలప్పుడు హాజరు తగ్గితే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

యాంకర్: పాలకొల్లు వైపు నుంచి సిస్టర్ లైన్లో ఉన్నారు.

కాలర్: నేను ఆడపిల్లల గుంపు చూస్తానండి. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, 'ఎవరికీ చెప్పనని మాటిస్తేనే చెప్తానక్కా' అంటోంది. ఇవ్వమంటారా?

సిస్టర్: ఇవ్వొద్దమ్మా. 'నీకు ప్రమాదం ఉందనిపిస్తే సాయం చెయ్యగలిగినవాళ్లకి చెప్తాను, ముందు నీకు చెప్పాకే' అనండి. తర్వాత వినండి. అక్కడికెందుకు వెళ్లావు, ముందే ఎందుకు చెప్పలేదు, ఇలాంటివి నోట రాకూడదు. ఆ రోజే ఆ పిల్ల మాటల్నే తేదీతో రాసి పెట్టుకోండి. 18 ఏళ్లలోపు పిల్ల మీద లైంగిక వేధింపు జరిగిందని అనుమానం వచ్చినా చాలు, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలపాల్సిందే. తెలిపి తీరాల్సినవాళ్లు ఊరుకుంటే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చెయ్యొచ్చు.

సంఘాల్లో జరిగే పెద్ద తప్పు ఒకటుంది. పెద్దల కమిటీలో కూర్చోబెట్టి పిల్ల చేత మళ్లీ మళ్లీ చెప్పిస్తారు, ఆరోపణ వచ్చినవాణ్ణి పిలిచి రాజీ మాట్లాడతారు. దాంతో అతను జాగ్రత్తపడతాడు, పిల్ల నోరు మూతపడుతుంది. ఇంకొకటి, ఇది నాకు నిజంగా బాధ కలిగించేది, ప్రార్థన అంశమని వాట్సాప్ గ్రూపులో పెట్టేయడం. పేరు రాయకపోయినా ఊరంతా పోల్చుకుంటుంది.

కాలర్: అలాంటిది కాకుండా పరీక్షల దిగులైతేనండి?

సిస్టర్: చచ్చిపోతానన్న మాట వస్తే ఒంటరిగా వదలొద్దు. పక్కనే కూర్చుని 14416, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేయించండి. ఇంట్లోవాళ్లకి చెప్పండి. ప్రార్థన చెయ్యండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి. ఒకటి చేశాం కదా అని రెండోది మానకూడదు. ఇకముందు పిల్లలతో మాట్లాడేటప్పుడు తలుపు తీసి ఉండాలి, ఇంకో పెద్దమనిషి కనుచూపులో ఉండాలి. రాత్రి తొమ్మిది దాటాక విడిగా మెసేజీలు వద్దు.

యాంకర్: అమలాపురం నుంచి కాలర్ మే నెల శిబిరం గురించి అడుగుతున్నారు. 60 మంది, రెండు రోజులు.

పాస్టర్: పూటకి మనిషికి బియ్యం 150 గ్రాములు, అంటే 9 కిలోలు. కందిపప్పు 50 గ్రాముల లెక్కన 3 కిలోలు. ఆ ఎండల్లో తాగే నీళ్లు రోజుకి మనిషికి నాలుగు లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 12. చాలామంది ఆరు తెప్పించి మధ్యాహ్నానికి వెతుక్కుంటారు. మజ్జిగ, ఓఆర్‌ఎస్ పొట్లాలు సిద్ధంగా ఉంచండి. అమ్మానాన్నల సంతకంతో ఉత్తరం తీసుకోండి, అందులో పిల్ల వాడే మందులు రాయించండి. స్నానానికని గోదాట్లోకి ఎవర్నీ దింపొద్దు. పైకి మోకాలి లోతే కనిపిస్తుంది, పక్కనే ఇసుక తవ్విన గొయ్యి ఉంటుంది. ఈత వచ్చినవాడూ అందులో పోతాడు. 'కాళ్లు కడుక్కుంటాం' అన్నా ఒప్పుకోకండి.

యాంకర్: చివరి కాల్, నరసాపురం.

కాలర్: అయ్యగారూ, పగలు రొయ్యల ప్లాంటులో పని, సాయంత్రమంతా సంఘం పనండి. ఇంట్లో గొడవ. పెద్దలేమో 'డప్పులు, గెంతులు తప్ప ఏముంది' అంటున్నారు. మానేద్దామనిపిస్తోందండి.

పాస్టర్: మానొద్దు తమ్ముడూ, తగ్గించుకో. నిర్గమకాండం 18లో మామ యిత్రో మోషేతో అన్నదదే కదా, ఒక్కడివే మోస్తే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారని. పది మందికి ఒకణ్ణి పెట్టమన్నాడు. హాజరు ఒకరికి, పాటలు ఒకరికి, ఇళ్లకి వెళ్లడం ఇద్దరికి అప్పజెప్పు. అప్పజెప్పాక మూడు నెలలు నువ్వు వేలు పెట్టకు, వాళ్లు కాస్త తక్కువగా చేసినా సరే. వారంలో రెండు సాయంత్రాలు ఇంటికి ఉంచు. కానుకల డబ్బు నీ జేబులో ఉండకూడదు. ఇద్దరు లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చెయ్యాలి. పరిచర్య మీద పుట్టే అపవాదులు చాలావరకు అక్కడ మొదలయ్యేవే.

కాలర్: పెద్దల సంగతండీ?

పాస్టర్: మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు 1836లో వచ్చారు. అప్పటి నుంచి లెక్కేస్తే మీ ప్రాంతంలో సువార్తకి 190 ఏళ్లకి దగ్గర. తాతలు పాడిన కీర్తన వినపడకపోతే పెద్దలకి గుండెలో కలుక్కుమంటుంది. చాలా కీర్తనల మీద రాగం, తాళం వేసి ఉంటాయి, చూశావా? త్రిపుట తాళం అంటే ఏడు దెబ్బలు. దాన్ని కీబోర్డులో నాలుగు దెబ్బల రిథమ్ మీదికి తోస్తే నడక చెడుతుంది. అందుకే పెద్దాయనకి కోపం. ఆయన్నే పిలిచి నెలకో కీర్తన నేర్పమను. రిథమ్ ఆపేసి, తబలా ఒకటే ఉంచు. కుర్రాళ్లు ఏడు లెక్కపెట్టడం నేర్చుకుంటారు, ఆయన వాళ్ల పేర్లు నేర్చుకుంటాడు.

ఫలితం అంటావా, హాజరు పట్టీలో వెతక్కు. వెనక బల్లలో కూర్చునేవాడు ఒకరోజు వాక్యం చదువుతానంటాడు. 2022 జూలైలో లంకలు మునిగినట్టు మళ్లీ వరదొస్తే, చెప్పకుండానే బియ్యం మూటలు మోస్తారు. కువైట్ వెళ్లినవాడు అమ్మకి ఒంట్లో బాగోలేదని ముందు నీకే ఫోన్ చేస్తాడు. అలాంటివి జరిగినప్పుడు వాడి పేజీలో తేదీ వేసి రాసుకో. మానేద్దామనిపించిన రోజున తీసి చదువుకో.

కాలర్: ఆయ్. పెద్దాయన్ని ఈ ఆదివారమే అడుగుతానండి.

పాస్టర్: ఆదివారం గుడి బయట నలుగురిలో కాదు. శనివారం ఇంటికెళ్లి అడుగు.