ఫోన్-ఇన్: అమెరికా గ్రిల్లు, మన సిలిండరు

యాంకర్: తర్వాతి కాల్ శ్రీకాకుళం, అరసవల్లి నుంచి. చెప్పండమ్మా, మన గ్యాస్ మెకానిక్ గారు లైన్లోనే ఉన్నారు.

కాలర్: నమస్కారం బాబూ. మా పెద్దోడు అమెరికా నుంచి వచ్చేస్తూ సామాన్లతో పాటు గ్యాస్ గ్రిల్లొకటి తెచ్చాడు. అక్కడ పైపు గ్యాసుతో నడిచేదట. మొన్న ఆదివారం కళింగపట్నం నుంచి కోనాం చేప తెప్పించి, గ్రిల్లుకి మన సిలిండరు తగిలించి వెలిగించాం. మూరెడు మంట లేచింది! ముక్కలు పైన మసి, లోపల పచ్చి.

మెకానిక్: మంట ఏ రంగులో ఉందమ్మా?

కాలర్: పసుపు. భయమేసి నేనే సిలిండరు కట్టేశాను.

మెకానిక్: మంచి పని చేశారు. పైపు గ్యాసంటే దాదాపు అంతా మీథేన్. మన సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్‌పీజీ. అంతే ఘనపరిమాణం గ్యాసు కాలితే దీనికి రెండున్నర రెట్లకు పైగా వేడి వస్తుంది. అందుకే దీనికి గ్యాసు వదిలే జెట్ల బెజ్జం సన్నగా ఉండాలి. మీ వాటికి పెద్దవి. గ్యాసు ఎక్కువ దూకింది, గాలి చాలలేదు. మసి అందుకే.

కాలర్: వీధి చివర స్టవ్వులు బాగుచేసే అబ్బాయి జెట్లు మార్చేస్తానంటున్నాడు.

మెకానిక్: ఏ జెట్లు వేస్తాడట? బర్నర్ గొట్టం మొదట్లో గోరంత ఇత్తడి ముక్క ఉంటుంది, అదే జెట్. బెజ్జం వెంట్రుకవాసి తేడా వచ్చినా మంట మారిపోతుంది. చేతికి దొరికింది బిగిస్తే కుదరదు. ఆ మోడల్‌కి కంపెనీ ఎల్‌పీజీ కిట్ ఇస్తుందేమో మీ అబ్బాయిని కనుక్కోమనండి. కొన్ని కంపెనీలు మార్చనే వద్దంటాయి. అలాంటిదైతే ఆశ వదిలేసుకోండి. అవునూ, రెగ్యులేటరు ఏది పెట్టారు?

కాలర్: హోటళ్లలో భట్టీకి పెడతారే, తిప్పేది. తొందరగా కాలుతాదని...

మెకానిక్: అమ్మమ్మా! అది హై ప్రెషర్‌ది. ముందు అది తీసి పక్కన పడేయండి. అమెరికా ప్రొపేన్ గ్రిల్లుకి కావాల్సిన ఒత్తిడి సుమారు 28 మిల్లీబార్లు. మన ఇంటి రెగ్యులేటరు 30 దాకా ఇస్తుంది, దగ్గరదగ్గరే. కాకపోతే నాలుగైదు బర్నర్లుంటే అంత గ్యాసు అది అందించగలదో లేదో ఏజెన్సీ మెకానిక్ చూసి చెప్పాలి.

కాలర్: సిలిండరు ఆ గ్రిల్లు కింద అరలో పెట్టేశాం బాబూ, తలుపుంది చక్కగా.

మెకానిక్: ఆ చక్కదనమే ప్రమాదం. మీథేన్ గాలికన్నా తేలిక, పైకి పోతుంది. ఎల్‌పీజీ బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. పైపు గ్యాసు గ్రిల్లు అరకి కింద గాలి కన్నాలు ఉండకపోవచ్చు. సిలిండరు బయట, నిటారుగా, కాలవకి దూరంగా పెట్టండి. కిట్ బిగించాక ప్రతి జాయింటుకీ సబ్బునీళ్లు రాయించండి. బుడగ కనిపిస్తే వెలిగించొద్దు. వాసనొస్తే సిలిండరు కట్టేసి 1906కి ఫోన్ చేయండి.

యాంకర్: మంట సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుందండీ?

మెకానిక్: నీలంగా, గోల చేయకుండా నిలబడాలి. కొసలు పసుపైతే బర్నర్ గొట్టం మొదట్లో ఉండే గాలి మూత కొంచెం తెరవాలి. మంట బర్నర్ మీంచి ఎగిరిపోతుంటే కొంచెం మూయాలి.

కాలర్: మరి ఈ ఆదివారం అల్లుడొస్తున్నాడే!

మెకానిక్: ఇంట్లో కుంపటి ఉందా?

కాలర్: అటక మీదుంది.

మెకానిక్: దింపించండి. కోనాం కుంపటి మీదే బాగుంటుంది.