డబ్బు తీసుకుని ఒట్టేశాను, మాట తప్పితే పాపమా మేడమ్? (ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

యాంకర్: నమస్కారమండీ. ఇంట్లో మంచీచెడూ వేరు, రాజకీయాలు వేరు అని మనం తెల్లారిలేస్తే అంటుంటాం కదా, నిజంగా అలా వేరుగా పెట్టుకోగలమా, ఇదీ ఈరోజు విషయం. ముప్పై ఏళ్ళు టీచర్‌గా చేసి ఇప్పుడు ఫ్యామిలీ కౌన్సెలింగ్ చేస్తున్న మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాలర్, వరంగల్ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌కి నేనే అడ్మిన్‌ని. మా బావకీ మా తమ్ముడికీ పార్టీల మీద రోజూ గొడవే, అందుకని రాజకీయాలు మాట్లాడొద్దని రూల్ పెట్టిన. ఇప్పుడేమో మా మేనత్త ఇంటి ముందు డ్రైనేజీ పొంగి వారమైంది, ఆమె ఫోటో పెడితే మా బావ అది కూడా రాజకీయమే, డిలీట్ చెయ్ అంటుండు.

మేడమ్: డిలీట్ చేశారా?

కాలర్: చేసిన మేడమ్.

మేడమ్: తప్పు చేశారు బాబూ. పార్టీ వేరు, రాజకీయం వేరు. పార్టీ గొడవని గుమ్మం బయట పెట్టండి, నేనూ అదే చెప్తాను. మేనత్త ఇంటి ముందు మురుగునీళ్ళు పార్టీ కాదు. ఫోటో మళ్ళీ పెట్టమనండి, మీరూ మీ బావా కలిసి వెళ్ళి మున్సిపల్ ఆఫీసులో కంప్లయింట్ ఇవ్వండి.

యాంకర్: థాంక్యూ అండీ. నెక్స్ట్ కాలర్ భీమవరం దగ్గర నుంచి. హలో?

కాలర్: హలో... హలో అండి...

యాంకర్: అమ్మా, టీవీ సౌండ్ తగ్గించి మాట్లాడండి.

కాలర్: ఆయ్, తగ్గించానండి. పేరు చెప్పనండి, ఊళ్ళో తెలిసిపోద్ది. నాకు అరవై రెండేళ్ళండి. కిందటి సర్పంచ్ ఎలక్షన్లప్పుడు మా మేనల్లుడు, అంటే మా అన్నయ్య కొడుకండి, రాత్రి తొమ్మిదింటికి వచ్చాడు, నేను అప్పుడే గేదెకి గడ్డేసి చేతులు కడుక్కుంటన్నాను, వచ్చి కవర్ చేతిలో పెట్టి అత్తా మన ఇంట్లో మూడు ఓట్లు, నా పరువు నీ చేతిలో ఉంది అని, దేవుడి గూట్లో అమ్మవారి పటం దించి దాని మీద నా చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నాడండి. మా అన్నయ్యేమో నా కూతురి పెళ్ళికి డబ్బు సర్దాడు, ఆ మొహమాటం ఒకటి. కాదనలేకపోయాను. కవర్ బియ్యం డబ్బాలో దాచాను. తీరా పొద్దున్న వెళ్ళి ఇంకొకాయనకి గుద్దేశానండి.

మేడమ్: ఎందుకమ్మా మనసు మారింది?

కాలర్: నీళ్ళమ్మా. మా మేనల్లుడు వెయ్యమన్నాయనవి మంచినీళ్ళ చెరువు పక్కనే రొయ్యల చెరువులు. ఆ ఉప్పంతా ఊరి చెరువులోకి దిగిపోయి టీ పెడితే పాలు విరిగిపోతన్నాయి. బబుల్ టిన్ను కొనుక్కోవడమే. లైన్లో నుంచున్నప్పుడు నా ముందు ఒక పిల్ల చంటిబిడ్డని ఎత్తుకుని ఉంది, దాని సంచిలో నీళ్ళ సీసా చూశాను, అంతేనండి, చెయ్యి అటు పోలేదు. ఆ తర్వాత ఆరు నెలలకి గేదె చచ్చిపోయింది. మనవడికి టైఫాయిడ్. ఒట్టు తప్పానని అమ్మవారికి కోపమొచ్చింది కదమ్మా? మాట తప్పితే పాపం కదా?

మేడమ్: అమ్మా, ఒక్కటి అడుగుతాను. మీ మేనల్లుడు వెయ్యి రూపాయలిచ్చి, అమ్మవారి మీద ఒట్టేయించుకుని, పక్కింటివాళ్ళ బావిలో ఉప్పు పొయ్యి అత్తా అంటే పోస్తావా?

కాలర్: అయ్యో, ఎందుకు పోస్తానమ్మా!

మేడమ్: పొయ్యనంటే ఆ ఒట్టు తప్పినట్టా?

కాలర్: అది ఒట్టే కాదు కదండి.

మేడమ్: ఇదీ అంతే. నీది కానిదాని మీద ఒట్టెయ్యడానికి నీకు హక్కు లేదు. చెరువు ఊరందరిది. నువ్వు తప్పు చేసింది పోలింగ్ బూత్‌లో కాదమ్మా, కవర్ అందుకున్నప్పుడు. ఎవరైనా సరే, ఆ కవర్ ముట్టుకోకండి, ముట్టుకోకండి అని నేను పదేపదే చెప్పేది అందుకే. ముట్టుకున్న క్షణం నుంచి మన మంచితనమే, మాట తప్పకూడదనే మన గుణమే వాళ్ళకి పనిముట్టు అయిపోతుంది. ఇంకో సంగతి, ఓటు కోసం దేవుడికి కోపమొస్తుందని భయపెట్టడం చట్టం ప్రకారం నేరం. పాత ఐపీసీలో 171సీ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 171వ సెక్షన్. ఓటుకి డబ్బివ్వడం, తీసుకోవడం రెండూ నేరమే, ఏడాది దాకా జైలు పడొచ్చు.

కాలర్: జైలా? అమ్మా, నేను ఫోన్ పెట్టేస్తానండి.

మేడమ్: ఆగమ్మా ఆగు, నిన్ను బెదిరించడానికి చెప్పలేదు. గేదె పోవడానికీ దీనికీ సంబంధం లేదు. టైఫాయిడ్ ఎలా వస్తుందో తెలుసా, పాడైన నీళ్ళ వల్ల, తిండి వల్ల వస్తుంది. మనవడికి నీళ్ళు కాచి చల్లార్చి ఇవ్వు.

కాలర్: అయితే పాపం తగిలినట్టా, తగలనట్టా?

మేడమ్: తగల్లేదమ్మా.

కాలర్: మా అన్నయ్య రుణం మరి? వాళ్ళ ఇంట్లో శుభకార్యానికి పిలిస్తే మొహం చెల్లదండి.

మేడమ్: రుణం ఉంటే రుణం తీర్చు. వాళ్ళ ఇంట్లో పెళ్ళికి వెళ్ళు, చదివింపులు గట్టిగా చదివించు, కష్టమొస్తే అందరికంటే ముందు నువ్వుండు. ఓటుని మాత్రం చదివింపుల్లో రాయకు.

యాంకర్: అమ్మా, వేరే కాలర్స్ ఉన్నారు, థాంక్యూ అమ్మా. హైదరాబాద్ నుంచి సార్, చెప్పండి.

కాలర్: మేడమ్, నేను సాఫ్ట్‌వేర్. లంచం ఇవ్వను, ట్యాక్స్ కడతాను, సిగ్నల్ జంప్ చెయ్యను. రాజకీయం మురికి, దాని జోలికి నేను పోను, ఓటు కూడా వెయ్యను. నా నీతి నాది. ఇందులో తప్పేంటి?

మేడమ్: మీరు మంచివారే. కాకపోతే మీ నీతి మీ గేటు దగ్గర ఆగిపోతోంది. అభ్యర్థులెవరూ నచ్చకపోతే 2013 నుంచి నోటా ఉంది, వెళ్ళి అదైనా నొక్కండి. ఒక సంగతి చెప్తాను. నెల్లూరు జిల్లాలో దూబగుంట అని ఒక ఊరు. నేనప్పుడు ఆ జిల్లాలోనే అక్షరాస్యత క్లాసుల్లో వాలంటీర్‌ని. రాత్రి లాంతరు పెట్టుకుని కూలికెళ్ళి వచ్చిన ఆడవాళ్ళకి అక్షరాలు దిద్దించేవాళ్ళం. మొగుడు తాగొచ్చి కొట్టడం అప్పటికి అందరికీ ఇంటి గొడవ. పరువు పోతుందని ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదు. పాఠంలో సారా కథ వచ్చింది, దాంతో మాటలు మొదలయ్యాయి. ఒకామె పలక ఒళ్ళో పెట్టుకుని, మా ఇంట్లోనూ ఇంతేనమ్మా అంది, పక్కామె మా ఇంట్లోనూ అంది, ఆ రాత్రి అక్షరం ఒక్కటీ దిద్దలేదు. ఆ ఆడవాళ్ళే తర్వాత సారా ప్యాకెట్లు ఊళ్ళోకి రాకుండా అడ్డం పడ్డారు, 1992లో జిల్లాలో సారా వేలంపాటలే జరగనివ్వలేదు. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. రెండేళ్ళకి దాన్ని ఎత్తేశారు, అది వేరే బాధ. ఇప్పుడు చెప్పండి, మొగుడి తాగుడు ఇంటి సంగతా, రాజకీయమా?

కాలర్: రెండూ మేడమ్. కానీ అప్పట్లో...

మేడమ్: అప్పట్లో అనకండి. మీ కాలనీలో వార్డు మీటింగ్ పెడితే ఎప్పుడైనా వెళ్ళారా?

కాలర్: లేదు మేడమ్.

మేడమ్: ఒక్కసారి వెళ్ళి చూడండి. పార్టీ వేరు, రాజకీయం వేరు.

యాంకర్: టైమ్ తక్కువుంది. కర్నూలు నుంచి.

కాలర్: మేడమ్, నేను హైస్కూల్ టీచర్‌ని, ఓటు అమ్ముకోవద్దని క్లాసులో చెప్తే ఒక పేరెంట్ వచ్చి పిల్లలకి రాజకీయాలు నూరిపోస్తున్నావా అని...

మేడమ్: చెప్పండి సార్, భయం లేకుండా చెప్పండి. పార్టీ పేరు మాత్రం మీ నోట రావద్దు.

యాంకర్: థాంక్యూ సార్. నెక్స్ట్, గుంటూరు.

కాలర్: మేడమ్, మా పార్టీ వచ్చిన తర్వాతే ఈ రాష్ట్రంలో అసలు...

మేడమ్: వద్దండీ, అది ఇక్కడ వద్దు.

యాంకర్: సారీ సార్, ఇందాకటి భీమవరం అమ్మగారే మళ్ళీ లైన్లో ఉన్నారు. ఒక్క నిమిషమే అమ్మా.

కాలర్: ఒక్క మాటేనమ్మా. ఈసారి మేనల్లుడు మళ్ళీ వస్తాడు కదా, కవర్ తెస్తాడు. ఏమనాలి? పాపం లేదన్నారు కదా, తీసుకుని నాకు ఇష్టమైనవాళ్ళకి ఏసేస్తే...

మేడమ్: అమ్మా! ఇందాకటి నుంచి చెప్తున్నదేంటి? ముట్టుకోవద్దు. కోపంతో అనట్లేదు, నువ్వు ఇన్నేళ్ళు నిద్రపట్టక గేదె పోయిందాన్ని కూడా నీ మీదే వేసుకున్నావు, మళ్ళీ అదే బాధ ఎందుకమ్మా నీకు?

కాలర్: మరి ఏమనాలండి?

మేడమ్: లోపలికి రమ్మను, భోజనం పెట్టు. మీ ఊరి చెరువు నీళ్ళే ఒక గ్లాసు ఇచ్చి తాగమను. తాగలేకపోతే, ఒరేయ్ ఈ డబ్బు నాకొద్దు, వెళ్ళి ఆ చెరువుల గట్టు సంగతి చూడమని మీ నాయకుడితో చెప్పు అను. గ్రామసభ పెట్టినప్పుడు నువ్వూ లేచి ఇదే మాట అడుగు. ఎవరికి వేశావని అడిగితే చెప్పక్కర్లేదు, నీ ఓటు రహస్యం.

కాలర్: గ్లాసు నీళ్ళు... సరేనమ్మా. పటం దించనివ్వను ఈసారి.

యాంకర్: థాంక్యూ అమ్మా, థాంక్యూ మేడమ్. వచ్చే వారం ఇదే టైమ్‌కి కలుద్దాం, నమస్కారం.